దారి లేని పేజీలు!

ఊరి చివర చక్కటి ఇల్లు కట్టారు. గోడలకు రంగులు, గుమ్మానికి మామిడి తోరణాలు, లోపల అన్ని హంగులూ ఉన్నాయి. కానీ ఆ ఇంటికి బాట లేదు. ఏ వీధిలోంచీ మలుపు లేదు. పోస్ట్‌మన్‌కు తెలీదు, పాలవాడికీ తెలీదు. వెతుక్కుంటూ వచ్చిన చుట్టాలు ఊరంతా తిరిగి, 'అలాంటి ఇల్లే లేదట' అనుకుంటూ వచ్చిన బస్సులోనే వెనక్కి వెళ్లిపోతారు.

ఎక్కడైనా ఉంటుందా ఇలాంటి ఇల్లు? ఊళ్లో ఉండకపోవచ్చు. ఇంటర్నెట్‌లో మాత్రం బోలెడున్నాయి. వెబ్‌సైట్లు తయారుచేసేవాళ్లు వాటిని 'ఆర్ఫన్ పేజీలు' అంటారు. అంటే అనాథ పేజీలు. పేజీ ఉంటుంది. అందులో మంచి సమాచారమూ ఉంటుంది. కానీ అదే సైట్‌లోని మరే పేజీ నుంచీ దానికి లింకు ఉండదు. దాంతో చదివేవాళ్లు రారు. సెర్చ్ ఇంజిన్లూ పెద్దగా పట్టించుకోవు.

ఓ చీరల దుకాణాన్ని ఊహించుకుందాం. కాకినాడ దగ్గర ఉప్పాడ జాందానీ చీరలు అమ్మే చిన్న కొట్టు. వాళ్లకో వెబ్‌సైట్ ఉంది. ఆ ఇంటి కోడలు నాలుగు రాత్రులు కూర్చుని ఒక పేజీ రాసింది. చీరను తిరగేసి చూసి చేతినేతను ఎలా గుర్తుపట్టాలి, మిషన్ మీద నేసిన నకలు ఎక్కడ దొరికిపోతుంది... అన్నీ ఫొటోలతో సహా వివరంగా పెట్టింది. డాలస్‌లోనో సిడ్నీలోనో ఉన్న తెలుగువాళ్లు గూగుల్‌లో వెతుకుతూ ఆ పేజీకి వచ్చేవారు. 'వీళ్లకు పని తెలుసు' అన్న నమ్మకం కుదిరి చీర కొనేవారు.

ఓ దసరాకి సైట్‌కు కొత్త సోకులు చేయించారు. పని ఒప్పుకొన్న కుర్రాడు మెనూ మార్చాడు. పాత మెనూలో 'తెలుసుకోండి' అని ఓ మీట ఉండేది. అది అందంగా లేదని తీసేశాడు. పేజీని మాత్రం ముట్టుకోలేదు. అది సర్వర్‌లో క్షేమంగానే ఉంది. దాని దగ్గరికి తీసుకెళ్లే మీటే లేదు! కొన్నాళ్లకు గూగుల్‌లో ఆ పేజీ కిందికి జారింది. తర్వాత ఇంకా కిందికి. విదేశాల ఆర్డర్లు తగ్గాయి. ఇంట్లో అందరూ తప్పు గూగుల్ మీదికి తోసేశారు. నిజానికి దారి మూసింది ఇంట్లోవాళ్లే.

సాలీడుకు కళ్లు లేవు

ఇంత చిన్న మీటకు అంత ప్రాధాన్యం ఎందుకో తెలియాలంటే సెర్చ్ ఇంజిన్ ఎలా పనిచేస్తుందో కొంచెం తెలుసుకోవాలి. మనం గూగుల్‌లో ఏదైనా వెతికినప్పుడు అది అప్పటికప్పుడు ప్రపంచంలోని సైట్లన్నీ తిరిగి రాదు. ముందే తిరిగి రాసి పెట్టుకున్న చిట్టాలోంచి తీసిస్తుంది. ఆ తిరిగే ప్రోగ్రామ్‌నే 'స్పైడర్' అంటారు. సాలీడన్నమాట. గూగుల్ సాలీడు పేరు 'గూగుల్‌బాట్'. అది తనకు తెలిసిన ఓ పేజీ దగ్గర మొదలుపెడుతుంది. అందులో కనిపించిన లింకులన్నీ రాసుకుంటుంది. ఒక్కో లింకూ పట్టుకుని తర్వాతి పేజీకి వెళ్తుంది. అక్కడి లింకులూ రాసుకుంటుంది. అలా పోగు పట్టుకుని పాకుతూ పోవడమే దాని పని. పోగు లేనిచోటికి గెంతలేదు. సైట్‌లోని సెర్చ్ గడిలో 'జాందానీ' అని టైపు చేసి చూద్దామన్న ఆలోచన కూడా మామూలుగా దానికి రాదు.

వెబ్ పుట్టుకలోనే ఉంది ఈ సంగతి. స్విట్జర్లాండ్‌లోని సెర్న్ పరిశోధన కేంద్రంలో టిమ్ బెర్నర్స్ లీ 1989లో ఈ ఆలోచనను కాగితం మీద పెట్టినప్పుడు దాని ప్రాణమంతా లింకులోనే ఉంది. పుస్తకానికి పేజీ నంబర్లుంటాయి. 46 తర్వాత 47 వస్తుంది. వెబ్‌కు అలాంటి వరస లేదు. ఒక పేజీ నుంచి మరో పేజీకి లింకే వంతెన. తొలిరోజుల్లో మనుషులే కూర్చుని మంచి సైట్ల జాబితాలు రాసేవారు. 1994లో స్టాన్‌ఫర్డ్ విద్యార్థులు జెర్రీ యాంగ్, డేవిడ్ ఫైలో మొదలుపెట్టిన యాహూ అలాంటి జాబితాగానే పుట్టింది. సైట్లు లక్షలు దాటేసరికి మనుషుల వల్ల కాక సాలీళ్లకే పని అప్పగించాల్సొచ్చింది.

1998లో అదే స్టాన్‌ఫర్డ్ నుంచి వచ్చిన లారీ పేజ్, సెర్గీ బ్రిన్ ఇంకో అడుగు ముందుకేశారు. ఊళ్లో ఎవరు పెద్దమనిషో ఎలా తెలుస్తుంది? నలుగురూ ఎవరి పేరు చెబితే వారే. అందులోనూ పరపతి ఉన్నవాళ్లు చెబితే ఆ మాటకు ఇంకా విలువ. వెబ్‌లోనూ అంతేనన్నారు వీళ్లిద్దరూ. ఒక పేజీకి ఎన్ని లింకులున్నాయి, అవి ఎలాంటి పేజీల నుంచి వస్తున్నాయి అన్నదాన్ని బట్టి విలువ కట్టారు. అదే 'పేజ్‌ర్యాంక్'. ఇప్పుడు గూగుల్ ఇంకా ఎన్నో చూస్తుంది కానీ లింకును మాత్రం వదల్లేదు. అనాథ పేజీకి రెండు నష్టాలు అందుకే. సాలీడు రావడమే కష్టం. ఒకవేళ వచ్చినా, 'సొంత సైట్‌వాళ్లే దీన్ని లెక్కచేయట్లేదు, మనకెందుకు' అన్నట్టుంటుంది దాని వరస.

బో టైలో తేలిన నిజం

మొత్తం వెబ్ ఆకారం ఎలా ఉంటుందో చూడాలని 2000లో కొందరు పరిశోధకులకు సరదా పుట్టింది. ఆల్టావిస్టా, ఐబీఎం, కాంపాక్ సంస్థలవాళ్లు కలిసి 20 కోట్లకు పైగా పేజీల్నీ, వాటి మధ్యనున్న 150 కోట్ల లింకుల్నీ లెక్కలోకి తీసుకున్నారు. సాలెగూడులా అన్నీ అన్నింటితో కలిసి ఉంటాయనే అప్పటిదాకా అందరూ అనుకున్నది. తీరా చూస్తే సూటు మీద కట్టుకునే బో టై బొమ్మ వచ్చింది! మధ్యలోని ముడిలో 5.6 కోట్ల పేజీలు. అక్కడ ఏ పేజీ నుంచి ఏ పేజీకైనా వెళ్లొచ్చు. ఒక రెక్కలోని పేజీల నుంచి ముడిలోకి రావచ్చు కానీ ముడిలోంచి అక్కడికి తిరిగి వెళ్లలేం. రెండో రెక్కలోకి వెళ్లగలం, వెనక్కి రాలేం. కొన్ని తీగల్లా పక్కకు వేలాడుతున్నాయి. వీటిలో దేనితోనూ సంబంధం లేకుండా విడిగా పడి ఉన్నవి సుమారు 1.7 కోట్లు. కళ్లు మూసుకుని రెండు పేజీలు ఎంచుకుంటే, మొదటిదాని నుంచి రెండోదానికి నాలుగింట మూడుసార్లు అసలు దారే లేదు.

ఇదంతా ఆల్టావిస్టా సాలీడు చూడగలిగిన పేజీల లెక్కే సుమా! దాని కంటే పడనివాటి మాటేమిటి? దారి లేదు కాబట్టే అవి లెక్కలోకి రాలేదు.

పిలుపుల జాబితా, చదివింపుల పుస్తకం

కావాలని పేజీని అనాథను చేసేవాళ్లు తక్కువే. సైట్‌కు కొత్త రూపం ఇచ్చినప్పుడు, ఓ విభాగాన్ని తీసేసినప్పుడు, సరుకు అయిపోయి జాబితాలోంచి పేరు తప్పించినప్పుడు పేజీలు ఇలా ఒంటరివవుతాయి. ఉగాది ఆఫర్ కోసం ఓ పేజీ పెడతారు. పండగయ్యాక మొదటి పేజీలోని బొమ్మ తీసేస్తారు. దాని వెనకున్న పేజీ సంగతి మరిచిపోతారు. ఇక సైట్ చూసుకునే మనిషి ఉద్యోగం మారితే... ఏ పేజీ ఎక్కడుందో అతనితోపాటే పోతుంది.

చిక్కంతా వీటిని పట్టుకోవడంలోనే ఉంది. దారి లేని ఇంటిని దారులన్నీ తిరిగి కనిపెట్టలేం కదా! దానికో ఉపాయం ఉంది. పెళ్లయ్యాక మనవాళ్లు చేసేదే. పిలుపుల జాబితానూ, చదివింపుల పుస్తకాన్నీ పక్కపక్కన పెడితే ఎవరు రాలేదో ఇట్టే తెలిసిపోతుంది. ఇక్కడా రెండు జాబితాలు కావాలి. సైట్‌లో నిజంగా ఉన్న పేజీలన్నీ ఒకదాంట్లో. మొదటి పేజీ నుంచి లింకులు నొక్కుకుంటూ వెళ్తే చేరగలిగినవి ఇంకోదాంట్లో. మొదటిదాంట్లో ఉండి రెండోదాంట్లో లేనివే అనాథలు.

మొదటి జాబితా సైట్ నడిపే సాఫ్ట్‌వేర్‌లో దొరుకుతుంది. వర్డ్‌ప్రెస్ లాంటివాటిలో అయితే పేజీలన్నీ ఒకేచోట కనిపిస్తాయి. ఎవరెవరు ఏ పేజీ చూశారో సర్వర్ రాసుకునే చిట్టా కూడా పనికొస్తుంది. సైట్‌వాళ్లే మరిచిపోయిన పేజీని ఎప్పుడో పాత లింకు దాచుకున్న ఎవరో ఒకరు తెరిచి ఉంటారు. రెండో జాబితాకు గూగుల్‌బాట్ లాంటి చిన్న సాలీడునే సొంతంగా నడపొచ్చు. బ్రిటన్‌కు చెందిన 'స్క్రీమింగ్ ఫ్రాగ్' అలాంటిదే. 500 చిరునామాల వరకూ డబ్బు కట్టక్కర్లేదు. చిన్న దుకాణానికి అది చాలు. ముప్ఫై పేజీల సైటయితే అదీ అక్కర్లేదు. డిగ్రీ చదివే పిల్లలుంటే కాగితం, పెన్సిల్ పట్టుకుని ఓ ఆదివారం మధ్యాహ్నం తేల్చేస్తారు.

గూగుల్ ఉచితంగా ఇచ్చే 'సెర్చ్ కన్సోల్' కూడా ఉంది. 2015 దాకా దాన్ని 'వెబ్‌మాస్టర్ టూల్స్' అనేవారు. అందులో ఏ పేజీ చిరునామా అయినా ఇచ్చి చూస్తే, దాని దగ్గరికి సాలీడు ఏ పేజీ మీదుగా వచ్చిందో చెబుతుంది. 'ఏదీ కనబడలేదు' అని వస్తే అనుమానించాల్సిందే.

రేషన్ కార్డులో పేరుంటే సరిపోదు

దొరికిన పేజీని ఏం చేయాలి? ఇక్కడే చాలామంది పొరబడతారు. 'సైట్‌మ్యాప్‌లో దాని పేరుందిగా, చాలదా' అంటారు. సైట్‌మ్యాప్ అంటే సైట్‌లోని పేజీల చిరునామాలన్నీ రాసి సెర్చ్ ఇంజిన్‌కు అందించే జాబితా. 2005లో గూగుల్ ఈ పద్ధతి మొదలుపెట్టింది. మరుసటి ఏడాది యాహూ, మైక్రోసాఫ్ట్ కూడా కలిశాయి. ఒక్కో జాబితాలో 50 వేల చిరునామాల దాకా పెట్టొచ్చు. మంచిదే. సాలీడుకు పేజీ ఉనికి తెలుస్తుంది. కానీ రేషన్ కార్డులో పేరున్నంత మాత్రాన ఊళ్లో పరపతి వస్తుందా? జాబితాలో పెట్టిన ప్రతి పేజీనీ తీసుకుంటామని గూగుల్ కూడా ఎక్కడా మాటివ్వలేదు. పైగా సైట్ చూడ్డానికొచ్చిన మనిషికి ఆ జాబితాతో పనే లేదు.

చేయాల్సిందల్లా ఇప్పటికే జనం వస్తున్న పేజీ నుంచి దీనికి దారి వేయడం. జాందానీ చీరల పేజీకి రోజూ పది మంది వస్తున్నారనుకోండి. 'అసలైన ఉప్పాడ జాందానీని గుర్తుపట్టడం ఎలా' అన్న మాటలకే అక్కడ లింకు పెడితే సరి. 'ఇక్కడ నొక్కండి' అన్నదానికి పెడితే అవతల ఏముందో సాలీడుకూ తెలీదు, మనిషికీ తెలీదు. మరీ ఉత్సాహపడి వంద లింకులు పేజీ అడుగున గుదిగుచ్చేవాళ్లూ ఉన్నారు. బస్టాండు గోడ మీద అంటించిన కరపత్రాల్ని ఎంతమంది చదువుతారో వాటినీ అంతమందే చదువుతారు. మొదటి పేజీ నుంచి రెండు మూడు నొక్కుల్లో చేరగలిగితే చాలు. ఆ తర్వాత కొంచెం ఓపిక పట్టాలి. సాలీడు మళ్లీ ఆ దారిన రావడానికి కొన్ని రోజులు పట్టొచ్చు, కొన్ని వారాలూ పట్టొచ్చు. ఈలోగా 'మీ సైట్‌ను గూగుల్‌లో నంబర్ వన్ చేస్తాం' అంటూ మెయిళ్లు వస్తుంటాయి. అలాంటి హామీ ఎవ్వరూ ఇవ్వలేరని గూగులే చెబుతోంది. పర్సు తీసేముందు ఆ మాట గుర్తు తెచ్చుకోవాలి.

అనాథలన్నింటినీ చేరదీయాలనీ లేదు. 'మీ ఆర్డర్ అందింది, కృతజ్ఞతలు' అనే పేజీ ఒంటరిగా ఉన్నా ఫర్వాలేదు. ఒకే విషయం మీద రెండు పేజీలుంటే పాతదాన్ని తెరిచినవాళ్లు నేరుగా కొత్తదానికి వెళ్లేలా దారి మళ్లించవచ్చు. దాన్ని '301' అంటారు. ఇల్లు మారినవాళ్లు పోస్టాఫీసులో కొత్త చిరునామా ఇచ్చి వెళ్లినట్టు. పనికిరాని పేజీని తీసేయొచ్చు. తీసేసేముందు బయటి సైట్లేవైనా దానికి లింకు ఇచ్చాయేమో చూసుకోవాలి.

అన్నింటికంటే ప్రమాదం వేరే ఉంది. పాత ధరలు, మారిపోయిన ఫోన్ నంబర్లు, గడువు తీరిన ఫీజుల వివరాలున్న పేజీలు. సైట్‌వాళ్లు వాటిని మరిచిపోతారు. గతంలో ఓసారి చూసి వెళ్లిన సెర్చ్ ఇంజిన్ మాత్రం గుర్తుంచుకుంటుంది. అది చూపించిన పాత నంబరుకు ఫోన్ చేసి విసిగిపోయే పెద్దవాళ్లు ప్రతి ఇంట్లోనూ ఉంటారు. ఇంకొందరు ఏదైనా రహస్యంగా ఉంచాలంటే లింకు తీసేసి ఊరుకుంటారు. 'దారి లేదు కదా, ఎవరొస్తార్లే' అని! తలుపుకు తాళం వేయకుండా బాట మీద ముళ్లకంప వేసినట్టే అది. చిరునామా తెలిసినవాళ్లు నేరుగా లోపలికొచ్చేస్తారు. విద్యార్థుల మార్కులో, ఖాతాదారుల నంబర్లో ఉన్న పేజీకి పాస్‌వర్డ్ ఉండాల్సిందే.

ఏ రామాపురం?

చీరల కొట్టు ఊహించుకున్నదే. అచ్చంగా మన కళ్లముందున్న ఉదాహరణ కావాలంటే తెలుగు వికీపీడియా తెరవొచ్చు. 2003 డిసెంబరులో మొదలైన ఈ విజ్ఞాన సర్వస్వంలో వ్యాసాలు లక్ష దాటాయి. అన్నీ జీతం బత్తెం లేకుండా ఔత్సాహికులు రాసినవే. అందులో 'ప్రత్యేక పేజీలు' అనే చోట 'అనాథ పేజీలు' అనే జాబితా ఉంటుంది. ఏ ఇతర వ్యాసం నుంచీ లింకు లేనివన్నీ అక్కడ కనిపిస్తాయి. దానికి తోబుట్టువులా 'అగాధ పేజీలు' అని ఇంకోటుంది. వాటిలోకి వెళ్లాక బయటికి దారి ఉండదు. పేరు పెట్టినవారెవరో కానీ భలే పెట్టారు.

ఇక్కడ పేజీ అనాథ కావడానికి మన భాషా, మన ఊళ్ల పేర్లూ కూడా కారణమే. రామాపురం, కొత్తపల్లి అనే పేర్లతో తెలుగు నేల మీద ఎన్ని ఊళ్లున్నాయో! ఒక రచయిత గురించి రాస్తూ ఆయన పుట్టిన రామాపురానికి లింకు ఇచ్చారనుకోండి. అది నేరుగా ఆ ఊరి పేజీకి వెళ్లదు. ఆ పేరున్న ఊళ్లన్నింటినీ వరసగా చూపించే పేజీకి వెళ్తుంది. దాన్ని వికీలో 'అయోమయ నివృత్తి' పేజీ అంటారు. రచయితకు జన్మనిచ్చిన ఆ ఒక్క ఊరి పేజీ మాత్రం ఎదురుచూస్తూనే ఉంటుంది. రాజమండ్రి, రాజమహేంద్రవరం లాంటి చోట్ల ఇంకో తిప్పలు. రెండు పేర్లూ ఒకే పేజీకి చేరేలా దారిమార్పు పెట్టకపోతే సగం లింకులు ఎటూ కాకుండా పోతాయి. ఇంటిపేరుతో ఒకరు, పొడి అక్షరాలతో ఒకరు, అసలు పేరుతో ఇంకొకరు రాస్తే మహానుభావుల పేజీలకైనా అదే గతి.

దానికి తోడు జిల్లాలు మారాయి. తెలంగాణలో 2016 అక్టోబరు 11న 10 జిల్లాలు 31 అయ్యాయి. ఆంధ్రప్రదేశ్‌లో 2022 ఏప్రిల్ 4న 13 జిల్లాలు 26 అయ్యాయి. మ్యాపు మీద గీతలు ఒక్క పూటలో మారిపోయాయి. ఊరి పేజీలో జిల్లా పేరు, మండలం పేజీలో ఊళ్ల జాబితా, జిల్లా పేజీలో మండలాల జాబితా... ఇవన్నీ మాత్రం ఎవరో ఒకరు ఒక్కొక్కటిగా కూర్చుని సరిచేయాల్సిందే. ఒక జాబితాలోంచి తీసిన ఊరిని ఇంకో జాబితాలో చేర్చడం మరిచిపోతే దాని పేజీకి ఉన్న ఒక్క దారీ పోతుంది.

ఇది తెలుగుకే పరిమితం కాదు. అఖిల్ అరోరా, రాబర్ట్ వెస్ట్, మార్టిన్ గెర్లాక్ అనే పరిశోధకులు 319 భాషల వికీపీడియాలను జల్లెడపట్టి 2023లో ఓ అధ్యయనం వెలువరించారు. మొత్తం 6 కోట్ల వ్యాసాల్లో దాదాపు 15 శాతం, అంటే 88 లక్షలు అనాథలేనని తేలింది. విశ్వంలో కంటికి కనిపించని 'కృష్ణ పదార్థం'తో వాటిని పోల్చారు. గూగుల్‌లో సరిగ్గా అదే పేరుతో వెతికితే వాటిలో కొన్ని దొరకొచ్చు. కానీ చదువుతూ చదువుతూ ఒక వ్యాసంలోంచి ఇంకోదాంట్లోకి వెళ్లే పాఠకుడికి అవి ఎప్పటికీ తారసపడవు. అలాంటివాటికి కొత్తగా లింకులు వచ్చాక ఏమైందో కూడా ఆ పరిశోధకులు చూశారు. చదివేవాళ్లు పెరిగారు. వ్యాసంలో అక్షరం మార్చకుండానే!

వాళ్లు చెప్పిన ఓ ఉపాయం తెలుగుకు బాగా పనికొస్తుంది. తెలుగులో అనాథగా ఉన్న వ్యాసానికి ఇంగ్లిషులోనో హిందీలోనో జోడీ ఉండొచ్చు. అక్కడ దానికి ఏయే వ్యాసాల నుంచి లింకులున్నాయో చూసి, అవే వ్యాసాలు తెలుగులో ఉంటే వాటిలోనూ లింకు పెట్టొచ్చు. ఇంగ్లిషు వికీపీడియాలో ఈ పని కోసమే ఔత్సాహికుల బృందం ఒకటి ఉంది. దాని పేరు 'ఆర్ఫనేజ్'.

సొంతూరి పేజీ ఎలా ఉందో చూడాలనిపిస్తే కంప్యూటర్‌లో తెలుగు వికీపీడియా తెరిచి ఊరి పేరు వెతకండి. పరికరాల వరసలో 'ఇక్కడికి లింకున్న పేజీలు' అని ఉంటుంది. నొక్కితే ఆ ఊరికి ఎక్కడెక్కడి నుంచి దారులున్నాయో వస్తాయి. మండలం పేజీ ఒక్కటే కనిపించవచ్చు. అదీ కనిపించకపోవచ్చు. ఆ ఊళ్లో పుట్టిన స్వాతంత్య్ర సమరయోధుడి వ్యాసమో, ఊరి పక్కన పారే వాగు వ్యాసమో, అక్కడి పాత గుడి వ్యాసమో ఉండే ఉంటుంది. దాంట్లో 'సవరించు' నొక్కి, ఊరి పేరుకు అటు రెండు, ఇటు రెండు చదరపు బ్రాకెట్లు పెట్టి, అది ఏ మండలంలోని రామాపురమో సరిచూసి ప్రచురిస్తే చాలు. ఖాతా లేకపోయినా చేయొచ్చు. రెండు నిమిషాల పని. ఊరి పేరు నలుపులోంచి నీలంలోకి మారుతుంది.